అదను తెలిస్తే బాల్కనీ కూడా పొలమే

ఢిల్లీలోని ద్వారక అపార్టుమెంట్లలో కాపురముంటున్న తెలుగువాళ్ల ఇళ్లలో తరచు వినబడే మాట ఒకటుంది: "మా చేతికి మొక్కలు అచ్చిరావండీ." అక్టోబరులో చల్లిన గోంగూర జానెడు కూడా ఎదగదు. ఏప్రిల్‌లో నాటిన టమాటా ఒంటినిండా పూసి ఒక్క పిందె కూడా నిలపదు. డిసెంబరులో వేసిన బెండగింజ మొలకెత్తకుండానే మట్టిలో కుళ్లిపోతుంది. రెండు మూడుసార్లు ఇలా జరిగాక కుండీలు ఖాళీ అయి మూలకు చేరతాయి, ఆ ఇంటివాళ్లకు తమ మీద తమకే ఒక తీర్పు మిగిలిపోతుంది: మనకు ఓపిక లేదు, మనకు ఆ కళ లేదు, మనది చేతివాసి లేని వంశం. ఆ తీర్పు తప్పని రుజువు చేయడమే ఈ అధ్యాయం పని. పైన చెప్పిన మూడు ఓటముల్లోనూ విత్తనం మంచిదే కావచ్చు, మట్టి మంచిదే కావచ్చు, నీళ్లు పోసిన చేయి శ్రద్ధగలదే కావచ్చు. తప్పింది తేదీ ఒక్కటే. ద్వారకలో ఇంటి కూరగాయల తోట నిలవాలంటే స్థలం కన్నా, ఖర్చు కన్నా, చివరికి శ్రమ కన్నా ముందు కావలసింది అదను. అదను దొరికిన గింజకు మిగిలిన లోపాలను చాలావరకు తట్టుకునే శక్తి ఉంటుంది. అదను తప్పిన గింజకు ఎంత చేసినా ఆ శక్తి రాదు. ఈ మాటకు ఆధారాలు చూద్దాం, దీని మీద రాగల అభ్యంతరాలకు జవాబులు వెతుకుదాం, ఆ తర్వాత ఇది మన మిగతా జీవితానికి ఎలా పనికొస్తుందో ఆలోచిద్దాం.

ఊరి కార్తె, ఇక్కడి వాన

తెలుగు రైతు పంచాంగం కార్తెల మీద నడుస్తుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే రెండు వారాలు ఒక్కో కార్తె. ఇది సూర్యుణ్ణి పట్టుకుని లెక్కించినది కాబట్టి తేదీలు ఏటా దాదాపు స్థిరంగా ఉంటాయి. మే 25 నాటికి రోహిణి, జూన్ 7, 8 తేదీలకు మృగశిర, జూన్ 21, 22 తేదీలకు ఆరుద్ర. ఈ తేదీలు విజయవాడకూ ద్వారకకూ ఒక్కటే. వాటి వెంట వచ్చే వాతావరణమే వేరు. తెలుగు నేల మీద నైరుతి రుతుపవనాలు జూన్ మొదటి, రెండో వారాల్లో అడుగుపెడతాయి కాబట్టి మృగశిర మనకు ఏరువాక కాలం. ఢిల్లీకి అవే రుతుపవనాలు మామూలుగా జూన్ 27కి చేరతాయి, అంటే ఆరుద్ర నడుస్తుండగా. మృగశిర రాగానే గింజలు చల్లే అలవాటును ఇక్కడికి అలాగే తెచ్చుకుంటే ఆ మొలకలు మూడు వారాలపాటు వడగాలిలో మాడతాయి. ముగింపులోనూ ఇదే తేడా. ఢిల్లీ నుంచి వానలు సెప్టెంబరు చివరి వారానికి వెళ్లిపోతాయి. కోస్తా ఆంధ్రకు స్వాతి, విశాఖ కార్తెల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడుతుంటే ఢిల్లీ అక్టోబరు పొడిగా, నిర్మలంగా ఉంటుంది. ఊళ్లో వాన చూసుకునే నెలల్లో ఇక్కడ చెంబు పట్టుకోక తప్పదు.

వానకన్నా లోతైన తేడా వెలుతురులోనూ చలిలోనూ ఉంది. విజయవాడ దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ద్వారక 28.6 డిగ్రీల మీద. ఫలితంగా విజయవాడలో ఏడాదిలో అతి చిన్న పగలు సుమారు 11 గంటలు, అతి పెద్ద పగలు 13 గంటల పైచిలుకు. ఢిల్లీలో చిన్న పగలు 10 గంటల 20 నిమిషాలకు కుంచించుకుపోతుంది, పెద్ద పగలు 14 గంటలకు సాగుతుంది. జనవరి రాత్రుల్లో విజయవాడ 18, 19 డిగ్రీల దగ్గర ఆగితే ఢిల్లీ సగటున ఏడెనిమిది డిగ్రీలకు, కొన్ని రాత్రులు నాలుగైదు డిగ్రీలకు దిగుతుంది. వేసవి సంగతి చెప్పనక్కర్లేదు. రోహిణిలో రోళ్లు పగులుతాయని మనవాళ్లంటారు. 2024 మే 28న, సరిగ్గా రోహిణి కార్తెలో, ద్వారకను ఆనుకుని ఉన్న నజఫ్‌గఢ్ వాతావరణ కేంద్రంలో 49.8 డిగ్రీలు నమోదయ్యాయి. హైదరాబాద్ శివారు నారపల్లిలో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి పెంచిన మిద్దెతోట ఎందరో తెలుగువాళ్లకు ప్రేరణ అయింది. ఆ దారిలో నడిచే హైదరాబాద్, విజయవాడ మిద్దెతోటల సలహాలను ద్వారకలో కూర్చుని ఫోన్లో చూసి పాటించేవాళ్లూ ఉన్నారు. మట్టి కలపడం, ఎరువు చేయడం, పురుగును చూసుకోవడం గురించి ఆ సలహాలు ఇక్కడా చెల్లుతాయి. ఏ నెలలో ఏది వేయాలన్న పట్టిక మాత్రం చెల్లదు. అక్కడ ఏడాది పొడవునా కాసే ఆకుకూరకు ఇక్కడ ఏడు నెలలే ఆయుష్షు, అక్కడ రుచి పట్టని శీతకాలపు పంట ఇక్కడ పుష్కలంగా పండుతుంది.

మొక్కే చెప్పే సాక్ష్యం

మొక్క కాలాన్ని గుర్తుపడుతుందనడం కవిత్వం కాదు, కొలిచి చూసిన విషయం. 1944లో అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రవేత్త టమాటా మొక్కలను వేర్వేరు రాత్రి ఉష్ణోగ్రతల్లో పెంచి చూశాడు. కాయ పట్టడాన్ని నిర్ణయించేది ప్రధానంగా రాత్రి వేడి అని తేలింది. 15 నుంచి 20 డిగ్రీల మధ్య రాత్రుల్లో పిందె బాగా నిలిచింది, అంతకు బాగా పైనా కిందా పూత రాలిపోయింది. ఇప్పుడు ఢిల్లీ క్యాలెండర్ తీసి చూడండి. అలాంటి రాత్రులు ఇక్కడ అక్టోబరులో, నవంబరు మొదట్లో, మళ్లీ మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉంటాయి. టమాటా ఆ రోజుల్లో పూతకు వచ్చేలా లెక్క వెనక్కి కట్టుకుంటే నారు ఎప్పుడు పోయాలో దానంతటదే తెలుస్తుంది. ఏప్రిల్‌లో నర్సరీలో పచ్చగా కనబడ్డ నారు తెచ్చి నాటితే అది పూసేది మే చివర, 40 డిగ్రీల పగళ్లలో, 28 డిగ్రీల రాత్రుల్లో. అప్పుడు పుప్పొడి నిర్జీవమైపోతుంది. ఆ పూతను నిలబెట్టే ఎరువు ఏ కొట్లోనూ దొరకదు.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం కాలీఫ్లవర్‌ది. 1822లో ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇంగ్లండు నుంచి విత్తనం తెప్పించి సహారన్‌పూర్ తోటలో వేసిన ఈ చలిదేశపు పంటను ఉత్తరాది రైతులు తరతరాలుగా ఎన్నుకుంటూ ఎన్నుకుంటూ వేడిని తట్టుకునేలా తీర్చిదిద్దారు. తర్వాత ఢిల్లీలోని పూసా సంస్థ, అంటే భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ, ఆ పనిని శాస్త్రీయంగా ముందుకు తీసుకెళ్లింది. ఈనాడు మన దేశంలో కాలీఫ్లవర్ రకాలను పువ్వు కట్టే ఉష్ణోగ్రతను బట్టే వర్గాలుగా విడదీస్తారు. ముందస్తు రకాలకు 20 నుంచి 27 డిగ్రీలు, మధ్యస్థ ముందు రకాలకు 16 నుంచి 20, మధ్యస్థ చివరి రకాలకు 12 నుంచి 16, స్నోబాల్ వంటి ఆలస్యపు రకాలకు 10 నుంచి 16. ముందస్తు రకాన్ని ఆలస్యంగా నాటితే మొక్క ఎదగకముందే బొత్తాం అంత పువ్వు కట్టి ఆగిపోతుంది. ఆలస్యపు రకాన్ని ముందుగా నాటితే ఆకులమీద ఆకులు వేస్తుందే తప్ప పువ్వు కట్టదు. అదే మట్టి, అదే ఎరువు, అదే మనిషి. రకానికీ నెలకూ పొంతన కుదరకపోవడం ఒక్కటే కొరత. చేతివాసి అనే ఊహకు ఇక్కడ చోటే లేదు.

మన కూరల్లో గోంగూరదీ ఇదే కథ. పగలు పొడవుగా ఉన్నన్నాళ్లు ఆకులు వేస్తూ ఎదుగుతుంది, పగలు చిన్నదవుతుంటే పూతకు మళ్లుతుంది, గట్టి చలికి చచ్చిపోతుంది. మార్చిలో వేసిన గోంగూర సెప్టెంబరు దాకా కోసుకున్నకొద్దీ ఇస్తుంది. అక్టోబరులో వేసినది పొట్టిగానే పూతకొస్తుంది, లేదా పొగమంచులో వడలిపోతుంది. సంక్రాంతికి వండుకునే నాటు చిక్కుడు కూడా చిన్న పగళ్ల కోసం ఎదురుచూసే తీగే. ఫిబ్రవరిలో పెడితే అక్టోబరు దాకా పందిరినిండా ఆకు అల్లి పూత మాత్రం చూపదు. జులైలో పెడితే నాలుగు నెలల్లో కాపుకొస్తుంది. పాలకూర, కొత్తిమీరలది దీనికి తిరగబడ్డ స్వభావం. చలిలో ఆకులు, వేడి పొడవు పగళ్లలో కాడ సాగి పూత. ఇవన్నీ మొక్క లోపల ఉన్న గడియారం చెప్పే సంగతులు. మన ఇష్టాన్ని బట్టి ఆ గడియారం తిరగదు.

ద్వారకలో ఏడాది

ద్వారక ఏడాదిలో విత్తనాలకు మూడు ద్వారాలున్నాయి. మొదటిది ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి చివరి దాకా. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట ఈ ఊళ్లోనూ నిజమే. నేల వేడెక్కనిదే బెండ మొలవదు కాబట్టి ఫిబ్రవరి మూడో వారం దాకా ఆగి బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బచ్చలి గింజలు వేయండి. సొర, బీర, కాకర, దోసలను మాత్రం జనవరి చివరనే చిన్న సంచుల్లో వేసి, రాత్రిపూట ప్లాస్టిక్ కవరు కప్పి, పగలు ఎండకు పెట్టి, నాలుగాకులు వచ్చాక పెద్ద తొట్టిలోకి మారిస్తే మూడు నాలుగు వారాలు కలిసొస్తాయి. నవంబరులో నారు పోసుకుని చలికి కాపాడుకున్న టమాటాను జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో నాటుకోవాలి. వంగ, మిరపలకు ఫిబ్రవరిలో నారు పోయవచ్చు. ఈ ద్వారం ఏప్రిల్ వచ్చేసరికి మూసుకుపోతుంది. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ మూడో వారం దాకా చేయవలసింది కొత్తవి వేయడం మాని ఉన్నవాటిని బతికించడం. సగం ఎండను ఆపే ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి, తొట్టి మట్టిమీద ఎండుటాకులో కొబ్బరి పీచో పరవండి, తెల్లవారకముందూ పొద్దుగూకాకా నీళ్లు పోయండి. ఆ రోజుల్లో ఆకుకూర కావాలంటే తోటకూర, బచ్చలి, గోంగూర ఉండనే ఉన్నాయి. ఎండలో మాడే పాలకూర వెంట పడవద్దు.

రెండో ద్వారం మొదటి గట్టి వాన తర్వాత తెరుచుకుంటుంది, అంటే జూన్ చివరి నుంచి జులై ఆఖరు దాకా. చిక్కుడు, బీర, కాకర, సొర, గోరుచిక్కుడులకు ఇది రెండో అవకాశం, చిక్కుడుకైతే ఇదే అసలు అవకాశం. బెండ కూడా వేయవచ్చు కానీ ఈ కాలంలో తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు దాన్ని పట్టుకుంటుంది. ఒకప్పుడు ఆ తెగులును ఎదుర్కొన్న పూసా సవానీ రకం కాలక్రమంలో ఆ శక్తిని పోగొట్టుకుంది. వానకాలానికి అర్క అనామిక, పర్భనీ క్రాంతి వంటి తట్టుకునే రకాలు ఎన్నుకోవాలి. ఇక్కడి వాన సన్నగా రోజుల తరబడి కురవదు, ఒక్కసారిగా దంచుతుంది. 2024 జూన్ 28 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 228.1 మిల్లీమీటర్లు పడింది. కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవడమే జులైలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఆగస్టులో టమాటా, క్యాబేజీ, మధ్యస్థ రకాల కాలీఫ్లవర్‌లకు నారు పోసి వాన నేరుగా పడని చోట పెట్టుకోండి.

మూడోది సెప్టెంబరు నడిమి నుంచి నవంబరు నడిమి దాకా. ఉత్తర కార్తె తొలిరోజుల్లో మొదలై హస్త, చిత్త, స్వాతి కార్తెలు దాటే ఈ కాలం ద్వారకకు బంగారు కాలం. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, చుక్కకూర, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, వెల్లుల్లి, క్యాబేజీ, కాలీఫ్లవర్ అన్నీ దీంట్లో ఇమిడిపోతాయి. బఠాణీకి అక్టోబరు చివర, నవంబరు మొదలు సరైన అదను. పాలకూర, మెంతి, కొత్తిమీరలను ఒక్కసారే చల్లకుండా పన్నెండు, పదిహేను రోజులకొక విడతగా చల్లితే మార్చి దాకా కోత ఆగదు. ఏడాదిలో ఒక్కసారే తోట వేయగల తీరిక ఉన్నవాళ్లు వేయవలసింది ఈ ద్వారంలోనే, ఎందుకంటే పురుగు తక్కువ, నీటి అవసరం తక్కువ, ఎండ మృదువు. డిసెంబరు, జనవరి కోతకాలమే తప్ప విత్తుకాలం కాదు. పొగమంచులో ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అప్పుడు కరివేపాకు ఆకు పసుపెక్కి రాలిపోతే కంగారుపడి నీళ్లూ ఎరువూ పోయకండి. అది నిద్రపోతోంది. వేళ్లు తడిలో కుళ్లకుండా మట్టి బాగా ఆరాకే కొద్దిగా నీళ్లు పోస్తే ఫిబ్రవరి చివర చిగుర్లు వాటంతటవే వస్తాయి.

పదును, ఎండ, ఉప్పు

అదను తర్వాత పదును. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్న సామెత ఈ రెండింటినీ జంటగానే చెప్పింది. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి తడి తగిలితే ఆ పూట నీళ్లు వద్దు. ఈ ఒక్క అలవాటు చాలా కుండీలను బతికిస్తుంది. ద్వారకలో దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కు తోడవుతుంది. నైరుతి ఢిల్లీలో చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పుదనంతో ఉంటుంది. బోరు నీళ్లు కలిసే సొసైటీల్లో మట్టిమీద తెల్లటి పొర కట్టడం, ఆకుల అంచులు మాడడం ఆ ఉప్పు గుర్తులే. వంటింటి ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు పారబోయడం పాపమనిపించి మొక్కలకు పోస్తుంటారు. ఆ సంకల్పం మంచిదే, కానీ ఆ నీళ్లలో వడకట్టిన ఉప్పంతా ఉంటుంది. దాన్ని నేల తుడవడానికి వాడి, మొక్కలకు సరఫరా నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు పోయడం మేలు. వానకాలంలో కుండీలను వాన కిందికి జరిపితే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. మట్టిలో మూడో వంతు వానపాముల ఎరువు, మూడో వంతు కడిగిన కొబ్బరి పొట్టు, మిగిలినది తోటమట్టి కలిపి పిడికెడు వేపపిండి చేర్చితే తేలికగా, నీరు నిలవకుండా ఉంటుంది. ఆకుకూరలకు ఏడెనిమిది అంగుళాల లోతు సరిపోతుంది, వంగ, టమాటా, బెండలకు అడుగు, తీగకూరలకు అడుగున్నర కావాలి.

ఎండ గురించి కూడా ఊహలకన్నా లెక్కే నమ్మదగినది. డిసెంబరు మధ్యాహ్నం ద్వారకలో సూర్యుడు దక్షిణాన దిగంతం నుంచి 38 డిగ్రీల ఎత్తుకే చేరతాడు, జూన్‌లో 85 డిగ్రీలకు, అంటే దాదాపు నడినెత్తికి వస్తాడు. అందుకే దక్షిణపు బాల్కనీలోకి చలికాలమంతా ఎండ లోపలిదాకా వస్తుంది, వేసవిలో పై అంతస్తు శ్లాబు దాన్ని ఆపేస్తుంది. కూరగాయలకు ఇంతకన్నా అనువైన అమరిక దొరకదు. తూర్పు బాల్కనీ ఏడాది పొడవునా మంచిదే. పడమటి బాల్కనీకి వేసవిలో నెట్ తప్పనిసరి. ఉత్తరపు బాల్కనీకి చలికాలంలో నేరుగా ఎండ పడదు కాబట్టి అక్కడ శీతకాలపు పంటలమీద ఆశ పెట్టుకోకుండా వేసవిలో బచ్చలి, తోటకూర వేసుకోవడం న్యాయం. తన ఇంటి దిక్కును బట్టి పంట ఎన్నుకున్నవాడికి సగం నిరాశ ముందే తప్పుతుంది.

నిలదీసి అడగవలసిన ప్రశ్నలు

"ఇంత చేసి ఎంత మిగులుతుంది? వారపు సంతలో, సఫల్ దుకాణంలో కూరగాయలు చవకే కదా" అన్నది న్యాయమైన ప్రశ్న. నిజం చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి అది పూటలు కలిపి 1,600 గ్రాములు. ఏ బాల్కనీ అంత ఇవ్వదు, ఇస్తుందని చెప్పేవాళ్లను నమ్మవద్దు. బాల్కనీ ఇవ్వగలిగింది ఆకుకూరలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, అప్పుడప్పుడు నాలుగు వంకాయలు. ఇవే కోసిన గంటల్లో వాడిపోయే సరుకులు. ఆకుకూరలోని విటమిన్ సి కోసిన తర్వాత గది వేడికి త్వరగా తగ్గిపోతుంది కాబట్టి, పొయ్యిమీద బాణలి పెట్టాక కోసిన ఆకుకు ధరతో కొలవలేని విలువ ఉంది. తెలుగింటికి ఇంకొక లాభం. గోంగూర, చుక్కకూర, బచ్చలి ద్వారక సంతల్లో పాలక్, మేథీలంత సులువుగా దొరకవు. వాటికోసం ఐఎన్ఏ మార్కెట్ దాకా వెళ్లేవాళ్లకు నాలుగు తొట్లు పెద్ద ఆసరా. బంగాళాదుంప, ఉల్లి మాత్రం కొనుక్కోవడమే తెలివి.

"ఢిల్లీ గాలిలో పెంచింది తింటే ఆరోగ్యమా?" అన్నది దానికన్నా బరువైన ప్రశ్న. యమున కాలుష్యం కారణంగా ఆ నది వరద మైదానంలో తినే పంటలు పండించవద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించవలసి వచ్చిన నగరమిది. కనుక భయం అకారణం కాదు. అయితే భారలోహాలు మొక్కలోకి చేరే పెద్ద దారి మట్టి, నీరు. ఇంటి కుండీలో ఆ రెండూ మన అధీనంలో ఉంటాయి. కూల్చిన కట్టడాల మట్టి, రోడ్డు పక్కన తవ్విన మట్టి వాడకపోతే ఆ దారి మూసినట్టే. ఇక గాలిలోని ధూళి ఆకుమీద పడుతుంది. పారే నీటిలో రెండు మూడుసార్లు కడిగితే చాలావరకు పోతుంది. పెద్ద రోడ్డుకు ఎదురుగా ఉన్న బాల్కనీవాళ్లు ఆకుకూరలు తగ్గించి కాయకూరలవైపు మొగ్గడం మంచిది. బజారు ఆకుకూర ఎక్కడి నేల, ఎక్కడి నీరు చూసిందో మనకు తెలిసే అవకాశమే లేదన్న సంగతి కూడా ఈ తూకంలో వేయాలి.

అన్నిటికన్నా పదునైన అభ్యంతరం ఇది: "వాతావరణమే మారిపోతుంటే మీ పంచాంగానికి విలువేముంది? పాలీహౌస్‌లు వచ్చాక కాలంతో పనేముంది?" 2022 మార్చి దేశంలో 1901 నుంచి నమోదైన మార్చి నెలల్లోకెల్లా వేడిదన్నది నిజం. ఆ ఏడు వసంతం మధ్యలోనే తెగిపోయి గోధుమ గింజ కూడా దెబ్బతింది. దీన్నుంచి నేర్వవలసింది పంచాంగాన్ని పారేయమని కాదు, తేదీతోపాటు ఉష్ణమాపకాన్నీ చూడమని. ఒకే రోజు అన్ని గింజలూ వేయకుండా పది రోజుల తేడాతో మూడు విడతలు వేస్తే ఏ ఏడాదైనా ఒక విడత గురి తగులుతుంది. పాలీహౌస్ విషయానికొస్తే, ఇండో-ఇజ్రాయెల్ సహకారంతో పూసాలో ఏర్పడ్డ రక్షిత సాగు కేంద్రం ఆ విద్యను ఉత్తరాదికి నేర్పింది. కానీ మే నెల ఢిల్లీలో చల్లదనాన్ని కొనడం ఎంత ఖరీదో ఏసీ బిల్లు కట్టే ప్రతివారికీ తెలుసు. ఇంటి స్థాయిలో షేడ్ నెట్, ప్లాస్టిక్ కప్పు చేసే సాయం అదనును కొన్ని వారాలు అటూ ఇటూ జరపడం. ఆ సాయం తీసుకోవాలి, దానిమీద ఆధారపడి కాలాన్నే మరచిపోకూడదు.

ఒక కాలం ముందు నడవడం

చివరి అభ్యంతరం వ్యక్తిత్వానికి సంబంధించినది. అంతా కాలమే చేస్తే మనిషి ప్రయత్నానికి చోటెక్కడ? ఈ తోట నేర్పే పాఠం చేతులు కట్టుకుని కూర్చోమని కాదా? సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఫిబ్రవరిలో నాటవలసిన టమాటాకు నవంబరులో నారు పోయాలి. అక్టోబరులో చల్లవలసిన పాలకూరకు ఎండలు మండే జూన్‌లోనే పాత మట్టిని పరచి ఆరబెట్టి, వంటింటి తుక్కును ఎరువుగా కుళ్లనివ్వాలి. జులైలో పాకే చిక్కుడుకు జూన్‌లోనే తాళ్లు కట్టి ఉండాలి. అదను వచ్చినప్పుడు పరుగెత్తినవాడికి అది దొరకదు, అంతకు ముందే సిద్ధంగా ఉన్నవాడికి దొరుకుతుంది. చదువులోనూ ఉద్యోగంలోనూ పొదుపులోనూ మనం ఎక్కువగా ఓడిపోయేది బలం చాలక కాదు. తప్పు నెలలో మొత్తం బలం ఖర్చుపెట్టి, ఒప్పు నెల వచ్చేసరికి అలసిపోయి ఉండడం వల్ల. ఏప్రిల్ టమాటా మీద పెట్టిన శ్రమలో పావు వంతు నవంబరు నారుమీద పెడితే ఫలితం వేరు. ప్రతి వైఫల్యానికీ తనను తాను నిందించుకునే అలవాటున్నవాళ్లకు ఇది గొప్ప ఊరట: ముందు తేదీని అనుమానించండి, తర్వాత పద్ధతిని, మనిషిని అన్నిటికన్నా చివర.

ఈ పాఠం చేతికి రావాలంటే చదివి పక్కన పెట్టకుండా ఈ వారమే మూడు పనులు చేయండి. మీ బాల్కనీలో ఎండ ఎన్ని గంటలకు వస్తోంది, ఎన్నింటికి పోతోంది అన్నది ఒక సెలవురోజు గమనించి రాసుకోండి. మూడు ద్వారాల్లో రాబోయేది ఏదో చూసి, దానికి మూడంటే మూడు పంటలు ఎన్నుకోండి. వాటికి మేలైన విత్తనం సంపాదించండి. పూసాలోని వ్యవసాయ సాంకేతిక సమాచార కేంద్రంలోనూ, ఏటా వసంతంలో అక్కడ జరిగే కృషి విజ్ఞాన మేళాలోనూ విత్తనాలు అమ్ముతారు. ద్వారకకు దగ్గర్లో, నజఫ్‌గఢ్ దాటాక ఉజ్వా గ్రామంలో ఢిల్లీ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడివాళ్లకు ఈ నేల, ఈ నీరు తెలుసు. ఆపై ఒక చిన్న నోటుపుస్తకంలో ఏ తేదీన ఏది వేశారో, ఎప్పుడు మొలిచిందో, ఎప్పుడు కాసిందో రాయండి. పుస్తకాల్లో ఉన్న పంచాంగం, ఈ అధ్యాయంలో ఇచ్చినది కూడా, ఊరందరికీ ఉమ్మడిది. మీ అంతస్తుకూ మీ దిక్కుకూ మీ నీటికీ సరిపోయే పంచాంగాన్ని మీరే తయారుచేసుకోవాలి. రెండేళ్లు శ్రద్ధగా రాస్తే అది తయారవుతుంది. అప్పుడు మొక్కలు అచ్చిరావడం అదృష్టం మీద కాకుండా మీ లెక్క మీద ఆధారపడుతుంది, ఆ లెక్కను మీ పిల్లలకు కూడా నేర్పగలుగుతారు.